కూలెంట్ తొట్టి నుంచి యూరోపా దాకా

ఆటోనగర్, విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి,

వేరే గ్రహాల మీద ప్రాణం కోసం వెతికేవాళ్లకి మన నేలమీది సూక్ష్మజీవులతో ఏం పని అని అడిగావు. జవాబు మన లేత్ షెడ్డులోనే ఉంది.

ఆదివారం సెలవిచ్చి సోమవారం మెషిన్ తిప్పితే కూలెంట్ కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. నూనె కలిపిన ఆ నీళ్లు కదలకుండా ఉంటే పైన జిడ్డు తెట్టు కట్టి, లోపలికి గాలి అందదు. అప్పుడు ఆక్సిజన్ అక్కర్లేని బాక్టీరియా పెరుగుతాయి. మనం ఆక్సిజన్‌తో నడిపే శ్వాస పనిని అవి నీళ్లలోని సల్ఫేటుతో నడుపుతాయి. అందులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడుదే ఆ కంపు.

దక్షిణాఫ్రికాలోని మ్పోనెంగ్ బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, సుమారు 60 డిగ్రీల వేడి నీళ్లలో, ఇలాగే సల్ఫేటుతో బతికే బాక్టీరియా ఉంది. రాతిలోని యురేనియం రేడియేషన్‌కి నీరు చీలి హైడ్రోజన్ పుడుతుంది; అదే దాని తిండి. 2008లో దాని జన్యువులన్నీ చదివారు. ఆ నీళ్లలో దాదాపు అదొక్కటే కాపురముంటోంది. ఎండా గాలీ లేకుండా బతుకు సాగుతుందని తేలాక, అంగారకుడి నేల అడుగునా, గురుగ్రహపు చందమామ యూరోపా మంచు కింది సముద్రంలోనూ వెతకడం వృథా ప్రయాస కాదు. నాసా 2024 అక్టోబరులో యూరోపా క్లిప్పర్‌ని పంపింది. అది చూడబోయేది జీవిని కాదు, జీవి బతకగల పరిస్థితులు అక్కడున్నాయా అని.

బతకగలగడం వేరు, బతికుందని రుజువు చేయడం వేరు. 2005 ఏప్రిల్‌లో ఇస్రో హైదరాబాద్ నుంచి బెలూన్ ఎగరేసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని స్టెరిలైజ్ చేసిన స్టీలు గొట్టాల్లో పట్టింది. హైదరాబాద్ సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ పరిశోధన సంస్థలు దాన్ని పరీక్షించాయి. 2009లో మూడు కొత్త బాక్టీరియా జాతులు ప్రకటించారు: జానిబాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. అతినీలలోహిత కిరణాలను అవి తమ దగ్గరి చుట్టాల కంటే బాగా తట్టుకున్నాయి. అయినా అవి అంతరిక్షం నుంచే వచ్చాయనడానికి ఇది తిరుగులేని రుజువు కాదని ఇస్రోయే చెప్పింది. తర్వాత ఆర్యభట్టై మామూలు నేలల్లోనూ దొరికింది. ఆ రోజు తొందరపడనందుకే ఇస్రో మాట ఇప్పటికీ నిలబడింది.

నువ్వూ ల్యాబులో ప్రతి పరీక్ష పక్కన ఏమీ వేయని ప్లేటు ఒకటి పెట్టు. అందులోనూ కాలనీ మొలిస్తే నీ నమూనా గురించి నోరెత్తకు, మళ్లీ మొదలెట్టు.

ఇట్లు,
మావయ్య