ఎత్తైన కారా, పొడుగాటి కారా? - ఒక చిన్న పాఠం

మన క్లబ్ పత్రికలో కవితలూ కథలూ బాగానే వస్తున్నాయి. ఈసారి కొంచెం ఫిజిక్స్, కొంచెం లెక్కలు ఉన్న పాఠం రాస్తున్నాను. భయపడకండి, ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ కాస్త గుర్తుంటే చాలు.

విషయం ఇది. కారు వేగంగా వెళ్లాలి, అందులో ఇంటిల్లిపాదీ పట్టాలి, సామానూ పట్టాలి. దీనికి కార్ల కంపెనీలు రెండు జవాబులు చెప్పాయి. ఒకటి పెర్ఫార్మెన్స్ క్రాసోవర్. అంటే మామూలు కారు ప్లాట్‌ఫామ్ మీదే ఎత్తుగా కట్టి, గట్టి ఇంజిన్ పెట్టిన బండి. రెండోది ఫాస్ట్ ఎస్టేట్. అంటే సెడాన్ లాగే నేలకి దగ్గరగా ఉండి, పైకప్పు మాత్రం డిక్కీ చివరిదాకా సాగిన బండి. మొదటిది పైకి పెరిగింది, రెండోది వెనక్కి పెరిగింది. తేడా అంతా అక్కడే మొదలవుతుంది.

ఇది నాకు పుస్తకాల ప్రశ్న కాదు. మా ఇంట్లో ఈ ఏడాది కారు మారుద్దామంటున్నారు. నాన్న, అమ్మ, నేను, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ. పండగకి పలాస వైపు సొంతూరు వెళ్లాలి, వచ్చేటప్పుడు బియ్యం బస్తా, పనసకాయలు తప్పవు. ఏడాదికి రెండుసార్లు అరకు ఘాట్ ఎక్కాలి. కాబట్టి జవాబు తప్పితే పదేళ్లు భరించాల్సింది మేమే.

ఎస్టేట్ మన దగ్గర ఎందుకు నిలబడలేదు?

ఫాస్ట్ ఎస్టేట్ అనగానే కార్ల అభిమానులు 1994 గురించి చెబుతారు. ఆ ఏడాది ఆడి, పోర్షేతో కలిసి ఆర్‌ఎస్2 అవాంత్ తీసుకొచ్చింది, 315 హార్స్‌పవర్‌తో. అదే ఏడాది వోల్వో తన 850 ఎస్టేట్‌ని బ్రిటిష్ టూరింగ్ కార్ రేసుల్లో దింపింది. సామాన్లు మోసే కారు రేసులో పరిగెత్తడం చూసి అందరూ నోళ్లు తెరిచారు. తర్వాత 2002లో పోర్షే కయెన్ వచ్చాక గాలి రెండో వైపు తిరిగింది. స్పోర్ట్స్ కార్ల కంపెనీయే ఎత్తు బండి చేస్తే ఇంక మిగతావాళ్లు ఆగుతారా?

మన దేశంలోనూ ఎస్టేట్లు వచ్చాయి. 1992లో టాటా ఎస్టేట్, ఆ తర్వాత మారుతి బలేనో ఆల్టురా, స్కోడా ఆక్టేవియా కాంబి, 2004లో టాటా ఇండిగో మరీనా. ఏదీ ఎక్కువ కాలం నిలబడలేదు. డిక్కీ బయటికి పొడుచుకొచ్చిన సెడాన్ అంటే మనకి హోదా. వెనక పెట్టెలా ఉంటే అంబులెన్సో సరుకుల వ్యానో గుర్తొస్తుంది.

పన్ను కూడా తన వంతు చేసింది. 2006 బడ్జెట్‌లో 4 మీటర్లు దాటని చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. దాంతో కంపెనీలు టేపు పట్టుకుని కార్ల తోకలు కోయడం మొదలుపెట్టాయి. 2008లో ఇండిగో సెడాన్‌నే కుదించి ఇండిగో సీఎస్‌గా అమ్మారు. తోకే ప్రాణమైన ఎస్టేట్‌కి ఈ రూలులో చోటెక్కడ? 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్‌టీ రేట్లు మారినా, 4 మీటర్ల గీత అలాగే ఉంది. గీతకి ఇవతల ఉన్న చిన్న ఇంజిన్ కారుకి 18 శాతం, అవతల ఉంటే 40 శాతం.

పై ధరల్లో మాత్రం కొన్ని వచ్చాయి. 2015లో ఆడి ఆర్‌ఎస్6 అవాంత్, 2017లో వోల్వో వీ90 క్రాస్ కంట్రీ. వోల్వో వాళ్లు ఎస్టేట్‌నే 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌కి లేపి అమ్మారు. అంటే ఎస్టేట్ కూడా మన రోడ్డు మీదికి రావాలంటే క్రాసోవర్ చెప్పులు వేసుకోవాల్సి వచ్చింది.

ఒకే గుండె, రెండు ఒళ్లు

ఇప్పుడు ఫిజిక్స్. పోలిక న్యాయంగా ఉండాలంటే మిగతావన్నీ ఒకేలా ఉంచి ఒక్క వేరియబుల్‌ని మార్చాలి. ఆడి మనకా అవకాశం ఇచ్చింది. ఆర్‌ఎస్6 అవాంత్ కొత్త తరం ఎస్టేట్, ఆర్‌ఎస్ క్యూ8 ఎత్తు బండి. రెండిట్లో 4 లీటర్ల వీ8 ఇంజిన్, రెండిట్లో 600 హార్స్‌పవర్, రెండిట్లో నాలుగు చక్రాలకీ శక్తి. కానీ ఎస్టేట్ బరువు సుమారు 2,075 కిలోలు, ఎత్తు బండిది సుమారు 2,315 కిలోలు. 0 నుంచి 100కి ఎస్టేట్ 3.6 సెకన్లు, ఎత్తు బండి 3.8 సెకన్లు.

0.2 సెకన్లే కదా అనిపిస్తుంది. నిజమే, పికప్‌లో తేడా మనకి తెలియదు. కానీ ఆ 240 కిలోలు ఎక్కడికీ పోవు. 60 కిలోల మనుషులు నలుగురు ఎప్పుడూ కారులో కూర్చుని ఉన్నట్టు లెక్క. 100 కిలోమీటర్ల వేగం దగ్గర గతిశక్తి లెక్కేస్తే ఎస్టేట్‌కి సుమారు 800 కిలోజౌల్స్, ఎత్తు బండికి సుమారు 893. బ్రేక్ నొక్కిన ప్రతిసారీ ఆ అదనపు 93 కిలోజౌల్స్‌ని వేడిగా మార్చాల్సింది బ్రేకులే. షోరూమ్ వాళ్లు పికప్ గురించి చెబుతారు, ఆపడం గురించి మనమే అడగాలి.

ఘాట్ మలుపులో ఏం జరుగుతుంది?

ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కే రోడ్డు మనలో చాలామందికి తెలుసు. అలాంటి చోట 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న హెయిర్‌పిన్ మలుపు ఒకటి ఊహించుకోండి. గంటకి 30 కిలోమీటర్లతో తిరిగితే పక్కకి లాగే త్వరణం సుమారు 0.47 జీ. అదే 40తో తిరిగితే 0.84 జీ. వేగం మూడో వంతు పెరిగితే లాగుడు దాదాపు 78 శాతం పెరిగింది, ఎందుకంటే ఫార్ములాలో వేగానికి వర్గం ఉంది. మామూలు తారు రోడ్డు మీద టైరు పట్టు 0.8, 0.9 జీ దగ్గరే అయిపోతుంది. వాన పడితే ఇంకా తక్కువ.

ఇక్కడే ఎత్తు విషయం వస్తుంది. 1,500 కిలోల కారు, చక్రాల మధ్య వెడల్పు 1.6 మీటర్లు అనుకుందాం. గరిమనాభి, అంటే సెంటర్ ఆఫ్ గ్రావిటీ, 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 0.47 జీ దగ్గర లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి మారే బరువు సుమారు 240 కిలోలు. అదే 68 సెంటీమీటర్లైతే 300 కిలోలు. లోపల కూర్చున్న అమ్మమ్మకి ఇది ఫార్ములాగా తెలియదు, 'బండి ఒరుగుతోందిరా' అని తెలుస్తుంది.

బండి దొర్లే అవకాశాన్ని కొలవడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఒక సులువైన నిష్పత్తి వాడుతుంది. చక్రాల వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించడమే. మన ఉదాహరణలో తక్కువ కారుకి 1.45, ఎత్తు కారుకి 1.18. రెండూ టైరు పట్టు కన్నా ఎక్కువే కాబట్టి, మంచి రోడ్డు మీద కారు దొర్లే ముందే జారుతుంది. ప్రమాదం ఎప్పుడంటే, జారుతున్న చక్రం రోడ్డు అంచుకో గుంతకో తగిలి ఆగినప్పుడు. ఘాట్‌లో అంచులకి కరువేముంది!

గాలి లెక్క

గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనం మీద ఆధారపడుతుంది. ఉదాహరణకి ఎస్టేట్ డ్రాగ్ 0.28, ముందు వైశాల్యం 2.2 చదరపు మీటర్లు, క్రాసోవర్‌కి 0.33, 2.6 అనుకోండి. 100 కిలోమీటర్ల దగ్గర ఎస్టేట్‌కి దాదాపు 8 కిలోవాట్లు, క్రాసోవర్‌కి 11. అదే 40 దగ్గర 0.5, 0.7 మాత్రమే.

అంటే ఎస్టేట్ గెలిచేది వేగంలో. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా సిగ్నళ్లు, బస్సులు, పోర్టు లారీల మధ్య నడిపేవాడికి ఈ గెలుపు కనపడదు. 16వ నంబర్ జాతీయ రహదారి మీద శ్రీకాకుళం వైపు తరచూ వెళ్లేవాడికి మాత్రం మైలేజీలో కనపడుతుంది.

మన షోరూమ్‌లో ఉన్న ప్రయోగం

కోటి రూపాయల కార్లతో మనకేం పని అంటారా? మన ధరల్లో ఎస్టేట్ లేదు కాబట్టి దానికి దగ్గరి బంధువుని, అంటే గట్టి ఇంజిన్ ఉన్న సెడాన్‌ని తీసుకుందాం. ఫోక్స్‌వ్యాగన్ టైగన్ క్రాసోవర్, వర్టస్ సెడాన్. రెండూ ఒకే ప్లాట్‌ఫామ్, ఒకే 2,651 మిల్లీమీటర్ల వీల్‌బేస్. జీటీ రకాల్లో ఒకే 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 150 హార్స్‌పవర్. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో రెండిటికీ 5 స్టార్లు.

ఇప్పుడు కొలతలు చూడండి.

- పైకప్పు ఎత్తు: టైగన్ 1,612 మిల్లీమీటర్లు, వర్టస్ 1,507.
- గ్రౌండ్ క్లియరెన్స్ (ఖాళీ బండికి): టైగన్ 188, వర్టస్ 179.
- డిక్కీ: టైగన్ 385 లీటర్లు, వర్టస్ 521.
- పొడవు: టైగన్ 4,221, వర్టస్ 4,561.

ఈ పాఠంలో ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. పైకప్పు 105 మిల్లీమీటర్లు పెరిగితే, బండి కడుపు కింద పెరిగింది 9 మిల్లీమీటర్లే. మన చిటికెన వేలు మందం కూడా లేదు. మిగతా ఎత్తంతా సీటుకీ, తల పైన ఖాళీకీ, చూపుకీ వెళ్లింది. 'గుంతలకి భయం లేదు' అని కొనే ఎత్తులో ఎక్కువ భాగం గుంతలకి పనికొచ్చేదే కాదు.

అలాగని ఎత్తు దండగ కాదు. సీటు ఎత్తుగా ఉంటే మోకాళ్లు పూర్తిగా వంచకుండా కూర్చోవచ్చు, లేవచ్చు. పెద్దవాళ్లున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. ఇటు సెడాన్‌కి డిక్కీ పెద్దదే గానీ మూత సన్నం, నిలువు సామాను పట్టదు. నిజమైన ఎస్టేట్ ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

వాన మాట కూడా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరు మనది. నీళ్లు నిలిచిన చోట గ్రౌండ్ క్లియరెన్స్ చూసుకుని బండి దింపకూడదు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం ఎంత ఎత్తులో ఉందో అదే అసలు హద్దు. దానిలోకి నీళ్లు వెళితే ఏ కారైనా ఒకటే.

లెక్క ఎక్కడ తిరగబడుతుంది?

సీఎస్‌ఈ వాళ్లం కాబట్టి వెయిటెడ్ స్కోర్ వేద్దాం. ఐదు అంశాలు: ఎక్కి దిగడం, సామాను, ఘాట్ స్థిరత్వం, గుంతలు, పికప్. పదికి నేను వేసిన మార్కులు ఇవి. టైగన్‌కి వరుసగా 9, 6, 7, 8, 8. వర్టస్‌కి 5, 8, 9, 7, 9.

అమ్మ ఇచ్చిన వెయిట్స్ 30, 25, 20, 15, 10. లెక్కేస్తే టైగన్ 7.6, వర్టస్ 7.25. నేనిచ్చినవి 10, 20, 30, 10, 30. అప్పుడు టైగన్ 7.4, వర్టస్ 8.2.

మార్కులు ఒక్కటి కూడా మారలేదు, ఫలితం తిరగబడింది. మా ఇంట్లో వారాల తరబడి జరిగిన గొడవ కార్ల గురించి కాదు, వెయిట్స్ గురించి. ఇది తెలిశాక మాటలు తగ్గాయి. డబ్బు కట్టేది నాన్న, మోకాళ్లు అమ్మమ్మవి. కాబట్టి మా ఇంటి ప్రోగ్రామ్‌లో అమ్మ వెయిట్సే రన్ అవుతాయి. అమ్మమ్మ కోసం క్రాసోవర్ కొంటే అది నిజాయితీ ఉన్న కారణం. 'పెర్ఫార్మెన్స్' కోసం ఎత్తు బండి కొంటే మాత్రం, అదే ఇంజిన్‌కి బరువూ గాలీ ఒరుగుడూ కలిపి కొన్నట్టు.

షోరూమ్‌కి వెళ్లేముందు

1. ఏడాదిలో మీ ప్రయాణాలు కాగితం మీద రాయండి. సిటీ ఎంత, హైవే ఎంత, ఘాట్ ఎంత?
2. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని తీసుకెళ్లి ఐదుసార్లు ఎక్కించి దింపండి.
3. పైకప్పు ఎత్తు కాదు, గ్రౌండ్ క్లియరెన్స్ అడగండి. ఖాళీ బండికా, నిండు బండికా అని కూడా అడగండి.
4. టెస్ట్ డ్రైవ్‌కి నలుగురు ఎక్కండి. మీ వీధి స్పీడ్ బ్రేకర్ మీదికి తీసుకెళ్లండి.
5. ఖాళీ రోడ్డు చూసి, వెనక ఎవరూ లేనప్పుడు 60 నుంచి గట్టిగా బ్రేక్ వేసి చూడండి.
6. ముందు వెయిట్స్ రాయండి, తర్వాతే మార్కులు వేయండి. తిరగేసి చేస్తే మనసుకి నచ్చిన కారే గెలుస్తుంది, లెక్క ఉత్త అలంకారం అవుతుంది.

మీ ఇంటి వెయిట్స్ వేరేగా ఉంటాయి. అవి రాసి చూడండి, జవాబు కూడా వేరేగా రావచ్చు. ఏ కారు కొన్నా ఘాట్‌లో 40 బదులు 30తో తిరగండి. వర్గం ఉన్న ఫార్ములా ఎస్టేట్‌కీ క్రాసోవర్‌కీ ఒకటే.