జవాబు సరే, ఎందుకో చెప్పవూ?

చెల్లెమ్మా, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని పేపరు పట్టుకుంటావు. ఆ నలుపు తెలుపు గళ్ళు కనిపించగానే "ఇవి బాగా చదువుకున్నవాళ్ళకిలే" అని పేజీ తిప్పేస్తావు. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం. క్రిప్టిక్ క్రాస్‌వర్డ్‌కి పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. పైకి చెప్పిన మాట వెనక ఇంకేం ఉందోనని కాస్త ఆగి చూసే గుణం ఉంటే చాలు. పొడుపుకథలు విప్పుకుంటూ పెరిగినవాళ్ళం, అది మనకి కొత్తేం కాదు.

ముందు తెలుగులో చూద్దాం, బెరుకు పోతుంది. నీకోసం ఒక ఆధారం అల్లాను: "అత్త రుసరుసల్లో దాగిన పరిమళం (3)". చివరి అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది. చదవగానే ఓ ఇల్లు, ఓ అత్తగారు, ఆవిడ కోపం కళ్ళ ముందుకొచ్చేస్తాయి. ఆ బొమ్మంతా మన దృష్టి మళ్ళించడానికే. దాన్ని పక్కన పెట్టి అక్షరాలు మాత్రం చూడు. 'అత్త'నీ 'రుసరుస'నీ కలిపి చదివితే మొదటి మూడు గళ్ళలో ఏం పడింది? అత్తరు! లోపలే వెతుక్కోమని 'దాగిన' చెబుతోంది. జవాబుకి అర్థం 'పరిమళం'. ఇక ఒక్క మాట కూడా దండగగా మిగల్లేదు.

ఇంకోటి: "కడప నుంచి తిరిగొచ్చి నడుం వాల్చేది ఇక్కడే (3)". బస్సు దిగి వచ్చి అలిసిపోయిన మనిషి కనిపిస్తాడు కదా? నిజానికి తిరిగి రావలసింది మనిషి కాదు, ఊరి పేరే. కడపని వెనకనుంచి చదువు: ప, డ, క. పడక!

ఇంగ్లీషు పేపర్లో వచ్చేవాటి పద్ధతీ ఇదే. ఆధారంలో ఒక కొసన జవాబు అర్థం, మిగతా భాగంలో దాన్ని అక్షరాలతో కట్టుకునే దారి ఉంటాయి. ఒకటి రెండు రకాలు తప్పిస్తే అర్థం మధ్యలో దాక్కోదు. అందుకే ముందు రెండు కొసలూ పట్టి చూడాలి. 'బ్రోకెన్', 'డ్రంక్', 'డాన్సింగ్' లాంటి మాట కనిపిస్తే పక్కనున్న అక్షరాల్ని తారుమారు చేయమని సైగ అయి ఉండొచ్చు. 'లిజన్'లోని ఆరు అక్షరాల్నీ అటూ ఇటూ చేస్తే 'సైలెంట్' వస్తుంది, కాగితం మీద రాసి చూసుకో. ఇక 'ఫ్లవర్' అని ఉంటే మల్లెలూ మందారాలే వెతక్కు. 'ఫ్లో' అయ్యేది 'ఫ్లవర్' అని కూర్చేవాళ్ళ లెక్క, అంటే నది! ఈ ఒక్క కిటుకుతో థేమ్స్, నైలు, గంగ ఎన్నిసార్లు దొరుకుతాయో.

ఇందులో న్యాయం ఉంది చూడు, నాకు అదే ఇష్టం. పైకి ఎంత మాయ చేసినా, దారి మాత్రం సరిగ్గా చూపించి తీరాలి. లండన్ ఆబ్జర్వర్‌లో జిమెనీస్ అనే మారుపేరుతో కూర్చిన డి. ఎస్. మెక్‌నట్ 1966లో ఈ కట్టుబాట్లన్నీ పుస్తకంగా రాసిపెట్టాడు. గార్డియన్‌లో అరౌకేరియా పేరుతో కూర్చిన జాన్ గ్రాహమ్ వాటిని అంత గట్టిగా పట్టించుకునేవాడు కాదు, అయినా పాఠకులు ఆయన్ని ప్రాణంగా చూసుకున్నారు. ఆయన చర్చి గురువు. 2013 జనవరిలో, తొంభై దాటిన వయసులో, తనకు అన్నవాహిక క్యాన్సర్ వచ్చిందన్న సంగతి ఓ పజిల్‌లోనే చెప్పాడు. గళ్ళు నింపుకుంటూ పోతే ఆ జబ్బు పేరూ, చేస్తున్న ఉపశమన చికిత్సా ఒక్కొక్కటే బయటపడ్డాయి. దశాబ్దాలుగా పలకరించిన మనిషి, ఆ కబురు కూడా ఆ గళ్ళలోనే ఆప్తులకు అందించినట్టు అందించాడు. ఆ ఏడాది నవంబరులో పోయాడు. ఎన్నడూ చూడని మనుషుల మధ్య ఇంత దగ్గరితనం ఎలా కలిగిందా అని తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

మన దగ్గర 'ది హిందూ'లో క్రాస్‌వర్డ్ 1971 నుంచీ వస్తోంది. మొదట్లో ఇంగ్లండు నుంచి తెప్పించి వేసేవారు, తర్వాత మనవాళ్ళే కూర్చడం మొదలుపెట్టారు. తెలుగులో ఆరుద్ర, శ్రీశ్రీ అంతటివాళ్ళు గళ్ళు అల్లారంటే ఇదేదో పొద్దుపోక చేసే పని అనుకోగలమా?

ఒక్కటే లోటు. మర్నాడు పేపర్లో జవాబుల గళ్ళు వేస్తారు గానీ, ఆ జవాబు ఎలా వచ్చిందో వేయరు. దాంతో కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు "అదెలా అయింది?" అనుకుంటూ అక్కడే ఆగిపోతారు. నేనూ మా తోడికోడలూ ఫోన్లో చేసేది ఆ పనే. తను జవాబు చెప్పగానే "ఎందుకో చెప్పు" అంటాను. ఆధారంలో ప్రతి మాటనీ విడదీసి, ఇది అర్థం, ఇది సైగ, ఇవి అక్షరాలు అని వరసగా చెప్పాలి. ఒక్క మాట మిగిలిపోయినా ఒప్పుకోను, తనూ ఒప్పుకోదు. ఊహించి నింపినవి అక్కడ దొరికిపోతాయి. ఎదుటివాళ్ళకి విప్పి చెప్పేటప్పుడే మనకీ పూర్తిగా బోధపడుతుంది. అందుకే ఒంటరిగా కుస్తీ పట్టకు. కూతుర్నో, పక్కింటి వదిన్నో కూర్చోబెట్టుకో. పెన్సిలుతో జవాబు పక్కనే కారణం కూడా రాసుకో. మొదట్లో రోజుకి రెండు మూడు తేలితే చాలు. అడ్డంలో ఒకటి పడితే దాని అక్షరాలే నిలువుకి దారి చూపిస్తాయి.

ఇదిగో, ఈసారికి నీ వంతు: "తీగ వెనక్కి పాకితే నూనె రాసేది దీనికే (2)". రెండు మెట్లున్నాయి. ముందు తీగకి ఇంకో పేరు ఆలోచించు. ఉత్తరంలో జవాబు ఒక్కటే రాసి పంపితే లెక్కలోకి తీసుకోను, ఎలా వచ్చిందో మాట మాటా విప్పి రాయాలి మరి.