నీటి జాడ

కాలేయం మన శరీరంలో అతి పెద్ద గ్రంథి. అది గట్టిపడి ముడుచుకుపోయే జబ్బును సిర్రోసిస్ అంటారు. జబ్బు ముదిరితే పొట్టలో నీరు చేరుతుంది. ఇదే జలోదరం.

అరుదుగా కొందరికి ఛాతీలోనూ, ముఖ్యంగా కుడివైపున, నీరు చేరి ఆయాసం వస్తుంది. అది ఊపిరితిత్తుల జబ్బేమో అనిపిస్తుంది. గొట్టం పెట్టి నీటిని తీస్తూ పోతే, తీసినకొద్దీ ఊరుతూనే ఉంటుంది. దానితోపాటు మాంసకృత్తులు కూడా పోయి రోగి నీరసిస్తాడు. మరి ఆ నీరు ఎక్కడిది?

పొట్టకూ ఛాతీకీ మధ్య ఉదరవితానం అనే కండరపు తెర ఉంది. అందులో సన్నని రంధ్రాలు ఏర్పడితే, ఊపిరి పీల్చినప్పుడల్లా పొట్టలోని నీరు ఛాతీలోకి లాగబడుతుంది.

చెరువు నీరు ఎటు కారుతున్నదో తెలియాలంటే అందులో రంగు కలిపి చూడవచ్చు. వైద్యులు చేసేదీ అటువంటిదే. టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థాన్ని అతి సూక్ష్మమైన కణాలకు జోడించి, కొద్ది మోతాదులో సూదితో పొట్టలోని నీటిలోకి ఎక్కిస్తారు. దాని నుండి వెలువడే గామా కిరణాలను గామా కెమెరా గ్రహించి బొమ్మగా చూపుతుంది. కొన్ని గంటలలో ఆ పదార్థం ఛాతీలో కనిపిస్తే, నీరు వచ్చిన దారి తెలిసినట్లే. దాని రేడియోధార్మికత ప్రతి 6 గంటలకు సగానికి తగ్గిపోతుంది.

దారి తెలిశాక వైద్యులు ఉప్పు తగ్గించమంటారు. మూత్రం ద్వారా నీటిని పంపే మందులిస్తారు. కాలేయానికి చికిత్స చేస్తారు. బాధ కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి. మూలం తెలుసుకోవడమే వైద్యంలో మొదటి మెట్టు.

ఆలోచించి చెప్పండి: ఛాతీలోని నీటిని ఎంత తీసినా మళ్ళీ ఎందుకు చేరుతుంది?