చీని తోటలలో పిందె నిలుపుట – పంచాయతీలు చేయదగిన పని

రాయలసీమలో చీని యనియు, నల్లగొండ ప్రాంతమున బత్తాయి యనియు పిలువబడు ఫలవృక్షము నాటిన వెంటనే ఫలితము నిచ్చునది కాదు. అంటు నాటినది మొదలు మంచి కాపు వచ్చువరకు ఐదారు సంవత్సరములు రైతు నీరు, ఎరువు, కూలి పెట్టుచునే యుండవలెను. అట్టి తోట కాపునకు వచ్చి, కొమ్మకొమ్మకు పిందె పట్టి, వేసవిలో ఆ పిందె యంతయు పాదులలో రాలిపడినచో, తోటను నమ్మి చేసిన అప్పు మాత్రము చెట్టున నిలుచును. కావున పిందె రాలుట తోట యజమాని సొంత విషయమని పంచాయతీ సభ్యులు ఊరకుండరాదు. ఇందు రైతు ఒంటరిగా చేయగల పనులు కొన్ని. గ్రామమంతయు కూడిననే గాని నెరవేరని పనులు కొన్ని. ఆ రెంటిని ఇచట వివరించుచున్నాము.

రాలుట యంతయు రోగము కాదు

చీని చెట్టు వేలకొలది పూలు పూయును. అందు కోతవరకు నిలుచునవి నూటికి రెండు మూడైనను అది మంచి కాపే. చెట్టు తాను పోషింపగలిగినంత ఉంచుకొని తక్కినది విడుచును. ఈ రాలుడు మూడు విడతలుగ జరుగును. పూత ముగిసిన కొద్ది వారములలో మొదటిది. పిందె గోళీకాయంతయై ఎండలు ముదిరినప్పుడు రెండవది. కాయ పండబారునప్పుడు మూడవది. మొదటి దానిని చూచి భయపడి మందుల దుకాణమునకు పోవుట వృథా వ్యయము. రెండవ, మూడవ రాలుడులనే మన కృషిచే చాలవరకు తగ్గింపవచ్చును.

నీరు ఒకే తీరుగ అందవలెను

జనవరి, ఫిబ్రవరి నెలలలో పూత కొరకు రైతులు అంతకుముందు కొన్ని వారములు నీరు ఆపి తోటను బెట్టకు వదలుదురు. ఇది మంచి పద్ధతియే. కాని ఆకు కొంచెము వాడి, కొన్ని ఆకులు రాలగనే బెట్ట విడువవలెను. ఇసుక నేలలలో ఈ గడువు తక్కువ. బరువు నేలలలో ఎక్కువ. ఎండిన తోటకు ఒకేమారు నిండుగ నీరు పారింపరాదు. మొదటి తడి తేలికగ నిచ్చి, తరువాతి తడులను క్రమముగ పెంచవలెను.

పిందె పట్టినది మొదలు రెండు, రెండున్నర నెలలు తోటకు కీలకమైన కాలము. ఈ కాలమున నేల పూర్తిగ ఎండి, పిమ్మట ముంపుగ తడిసినచో పిందె తొడిమ వద్ద విడిపోవును. ఎక్కువ నీరు కాదు, ఎడతెగని నీరు ముఖ్యము. నీరు గ్రహించు సన్నని వేళ్లు మొదలువద్ద గాక, కొమ్మల నీడ పడు అంచు వరకు వ్యాపించి యుండును. కావున మొదలునకు నీరు తగులకుండ లోపల ఒక కట్టయు, వెలుపల ఒక కట్టయు వేసి, నడుమ నీరు పారింపవలెను. ఇందువలన మొదలునకు వచ్చు బంక తెగులును కూడ నివారింపవచ్చును. పాదులలో వేరుసెనగ పొట్టుగాని, ఎండుగడ్డిగాని పరచినచో తేమ నిలుచును. పూత, పిందె దశలలో లోతుగ దున్ని వేళ్లను తెంపరాదు.

ఆహారము, మందు

పశువుల ఎరువు, వేపపిండి, రసాయనిక ఎరువులు ఒకేమారు గుమ్మరింపక విడతలుగ వేయవలెను. లేత ఆకులు చిన్నవై, ఈనెలు పచ్చగనుండి నడిమి భాగము పసుపుబారినచో అది జింకు లోపము. కొత్త చిగురు వచ్చినప్పుడు లీటరు నీటికి జింకు సల్ఫేటు 5 గ్రాములు, యూరియా 10 గ్రాములు కలిపి చల్లవలెను. పూత నిండుగనున్నప్పుడు పురుగుమందులు చల్లరాదు, తేనెటీగలు నశించును.

పిందె రాలుడునకు ప్లానోఫిక్స్ అను హార్మోను మందును 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చొప్పున వాడుదురు. మోతాదు మించినచో మేలునకు బదులు కీడు కలుగును. నీరు తప్పిన తోటను ఏ మందును నిలుపజాలదు. కావున మందు వాడుటకు ముందు ఉద్యాన అధికారిని సంప్రదింపవలెను. తిరుపతిలోను, పెట్లూరులోను నిమ్మజాతి పంటల పరిశోధన స్థానములు కలవు.

గ్రామము కలిసి చేయవలసినది

మూడవ రాలుడునకు ముఖ్య కారణములలో రసము పీల్చు రెక్కల పురుగు ఒకటి. ఇది రాత్రివేళ వచ్చి పండబారిన కాయకు సూదిమొనంత రంధ్రము చేయును. ఆ చోటు మెత్తబడి కుళ్లి, కాయ రాలును. ఈ పురుగు పిల్లదశలో కాయను తినదు. గట్లమీదను, కంచెలమీదను పెరుగు తిప్పతీగ, దూసరితీగలపై బ్రతుకును. ఒక రైతు తన గట్టు శుభ్రము చేసికొన్నను, ప్రక్క పోరంబోకులో తీగ మిగిలినచో పురుగు మరల వచ్చును. తోటలకు సమీపమునగల ఈ తీగలను అందరు కలిసి ఒకేమారు తొలగింపవలెను. రాలిన కాయలను పాదులలో కుళ్లనీయక, ఏరి గుంటలలో పూడ్చవలెను.

రెండవది భూగర్భజలము. ఒక తోట ప్రక్కన మరియొక బోరు దిగినచో, సరిగ పిందె దశలోనే పాత బోరు ఎండిపోవుట సంభవించును. ఇరువురు రైతులును నష్టపడుదురు. 2002 నాటి వాల్టా చట్టము కొత్త బోరుబావికి అనుమతి అవసరమని విధించినది ఇందుకొరకే. వ్యవసాయ విస్తరణయు, చిన్నతరహా నీటిపారుదలయు రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన విషయములుగ పేర్కొనబడినవి. చెరువు పూడిక, వాగుపై అడ్డుకట్ట, పొలములలో నీటికుంట – ఇవన్నియు వేసవిలో పిందెను నిలుపు సాధనములే.

పూతకు ముందే, డిసెంబరు లోపల, గ్రామసభలో తోటల రైతులను పిలిచి ఏ బావిలో నీరెంత యున్నదో లెక్కకట్టుడు. ఉన్న నీటికి సరిపడునన్ని చెట్లకే బెట్ట నిచ్చి పూత తెప్పింపుమని చెప్పుడు. తీగల తొలగింపునకు ఒక దినము నిర్ణయింపుడు. ఈ పనులకు గ్రాంటు కంటె ముందు కావలసినది ఊరివారి మాట కట్టుబాటు. దానిని సాధింపగలవారు పంచాయతీ సభ్యులే.