విశాఖను కాచిన నావికాధిపతి

బాలబాలికలారా! హైదరాబాదు శివారుననున్న అల్మాస్‌గూడ వంటి ఊళ్లలో పెరుగువారికి సముద్రము దూరపు మాట. అయినను 1971వ సంవత్సరము డిసెంబరు నెలలో మన తెలుగు తీరమున జరిగిన యొక సంఘటనమును ప్రతి విద్యార్థియు తెలిసికొనవలెను. ఆ కథకు నాయకుడు వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్.

ఆయన 1919లో కన్యాకుమారికి చేరువనున్న నాగర్‌కోయిలులో జన్మించెను. యువకుడుగా నౌకాదళమున చేరి, రెండవ ప్రపంచ యుద్ధమున చూపిన సాహసమునకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అను పతకమును పొందెను. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిదప భారత నౌకాదళమున క్రమక్రమముగా పైకి వచ్చెను. 1961లో పోర్చుగీసువారి పాలన నుండి గోవా, డయ్యూలను విడిపించునపుడు, డయ్యూ చెంత పోరాడిన 'ఢిల్లీ' యను యుద్ధనౌక ఆయన యాజ్ఞలో నుండెను. 1971లో విశాఖపట్నము కేంద్రముగా గల తూర్పు నౌకాదళమునకు ఆయన అధిపతి యయ్యెను.

అప్పుడు తూర్పు సముద్రమున మన బలమంతయు 'విక్రాంత్' అను విమానవాహక నౌకపై ఆధారపడియుండెను. దాని నాలుగు బాయిలర్లలో నొకటి చెడిపోయినందున, అది పూర్తి వేగముతో పోజాలకుండెను. శత్రువునకును ఈ నౌక విలువ తెలియును. దానిని ముంచుటకై 'ఘాజీ' యను జలాంతర్గామి 1971 నవంబరులో కరాచీ నుండి బయలుదేరెను. నీటి యడుగున దాగి వచ్చు వైరిని బలముతో నెదుర్కొనుట కష్టము. కనుక కృష్ణన్ బుద్ధిబలము నాశ్రయించెను.

ఆయన విక్రాంత్‌ను రహస్యముగా అండమాను దీవులకు పంపెను. 1942లో నీట దింపబడిన 'రాజ్‌పుత్' అను ముదుసలి నౌకను సముద్రములోనికి పంపి, విక్రాంత్ పంపునట్టి వైర్లెస్ సందేశములనే దానిచే పంపించెను. విశాఖ వర్తకులకు పెద్ద ఎత్తున ఆహారపదార్థములు కావలెనని చెప్పించెను. ఇన్ని సరుకులు కొనుచున్నారనిన, పెద్ద నౌక సమీపముననే యున్నదని వేగులవారు తలంతురుగదా! ఘాజీ ఈ మాయను నమ్మి విశాఖ ముంగిటికి వచ్చెను.

డిసెంబరు 3వ తేదీ రాత్రి రాజ్‌పుత్ రేవు వీడి బయటికి పోవుచుండెను. నీటిలో అనుమానాస్పదమైన కదలిక కనబడగా, దాని కమాండరు ఇందర్ సింగ్ నీటిలో ప్రేలు బాంబులను వేయించెను. అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు తీరమంతయు కంపించునట్లు గొప్ప ప్రేలుడు వినవచ్చెను. పిమ్మట సముద్రముపై చమురు, ఓడ శిథిలములు తేలియాడెను. ఘాజీ మునిగిపోయెను. అందున్న తొంబదిమందికి పైగా నావికులలో నొక్కడును బ్రతుకలేదు.

రాజ్‌పుత్ బాంబులే కారణమని మనవారును, లోపలి ప్రేలుడో, అది తానే పరచిన మందుపాతరయో కారణమని పాకిస్తాను వారును చెప్పుదురు. ఈ వివాదము నేటికిని తీరలేదు. కాని కృష్ణన్ పన్నిన మాయ ఫలించినదనుటలో సందేహము లేదు. ఘాజీ విశాఖకడ వెదకుచుండగా విక్రాంత్ దూరమున క్షేమముగా నుండెను. డిసెంబరు 4 నుండి దాని విమానములు తూర్పు బెంగాలు రేవులపై దాడిచేసెను. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయిన వేళ కృష్ణన్ అచటనే యుండెను. దేశము ఆయనను పద్మభూషణ్‌తో గౌరవించెను. 1982లో ఆయన మరణించెను.

విశాఖ సముద్రతీరమున ఈ విజయమునకు స్మారకస్తంభము కలదు. ఏటేట డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవము జరుగును. విద్యార్థులారా! ఆ స్తంభమును చూచునపుడు రెండు సంగతులు తలంపుడు. ఉన్న బలము తక్కువైనపుడు ధైర్యమునకు వివేకము తోడు కావలెను. ఆ నీటి యడుగున నున్నవారును తమ దేశము పంపగా వచ్చిన నావికులే. వారి యిండ్లలోను తల్లులు ఎదురుచూచిరి. గెలిచినవాడు గర్వింపక, మడిసిన వైరికి తల వంచుటయే నిజమైన వీరధర్మము.