ఆరోగ్యశ్రీ కార్డు, ఓపీ చీటీ: మత్తు వైద్యానికి డబ్బు ఎవరిస్తారు?

మత్తు హరామ్ అని మన కిషన్‌బాగ్‌లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. జుమా ప్రసంగాల్లో వింటూనే ఉన్నాం. ఆ అలవాటు వ్యాధిగా ముదిరాక వైద్యం ఖర్చు ఎవరు భరిస్తారన్నది మాత్రం తక్కువమందికే తెలుసు. ఇక్కడ ఆ లెక్క చూద్దాం.

వ్యాధి అన్న మాట మేము ఊరికే వాడలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక వ్యాధుల్లోనే చేర్చింది. శరీర వ్యాధులకు ఇచ్చినట్టే వీటికీ బీమా ఇవ్వాలంది. చిక్కేమిటంటే మన ప్రభుత్వ బీమా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవారికే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. పరిమితి పెరిగింది గానీ పద్ధతి మారలేదు. ఆయుష్మాన్ భారత్ కూడా చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల ఖర్చు వరకే చూస్తుంది.

మత్తు వ్యాధి ఆ 15 రోజుల్లో తేలేది కాదు. మానేసిన తొలి రోజుల్లో వణుకు, ఫిట్స్ వచ్చేవారికి పడక తప్పదు. అసలు వైద్యం ఆ తర్వాతే: నెలల తరబడి మందులు, కౌన్సెలింగ్, ఇంటివాళ్లతో మాటలు. ఇదంతా ఓపీలో జరిగే పని. బీమా చేయి వదిలేది సరిగ్గా అక్కడే.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒక్కరే. బడి పంతుళ్లుగా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది వేరే అంకె. వైట్‌నర్, సొల్యూషన్ వంటివి పీల్చే అలవాటు పెద్దల్లో 0.58 శాతమైతే పిల్లల్లో 1.17 శాతం.

అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2020 జనవరి నుంచి నల్లమందు జాతి మత్తుకు వైద్యం చేసే ఓపీ కేంద్రాలకు వారానికింత అని చెల్లిస్తోంది. మందు, కౌన్సెలింగ్, పరీక్షలు అందులోనే. డబ్బున్న చోట దొంగలూ ఉంటారు: అరిజోనాలో పేదల బీమా సొమ్ముకు దొంగ బిల్లులు పెట్టారన్న ఆరోపణలపై 2023లో చాలా కేంద్రాలకు చెల్లింపులు ఆపేశారు.

మనకు ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది. (ఆ పేరు తిట్టుగా వాడటం మానేస్తే సగం కుటుంబాలు ముందే వెళ్తాయి.) వైద్యం దగ్గర కాదు, దారిలోనే ఖర్చంతా. నాంపల్లి దాకా ఆటో, అక్కడి నుంచి మెట్రో, పైగా ఆ రోజు కూలి పోతుంది. తల్లికి బస్సు ఉచితమే, కొడుక్కి టికెట్ కొనాలి. నెలకు 21,000 లోపు జీతం ఉండి ఈఎస్ఐ కార్డు ఉన్నవారికి ఓపీ కూడా వర్తిస్తుంది. ఆటో నడిపేవారికి, వెల్డింగ్ పనివారికి ఆ కార్డు ఎక్కడిది?

అందుకే సంఘం పెద్దలకు మా మనవి. ఆసుపత్రిలో చేర్పించడానికి చందాలు ఎత్తుతున్నాం, మంచిదే. ఇంటికి వచ్చినవారికి ఆరు నెలల పాటు మందులు, దారి ఖర్చులు కూడా చూడాలి. జకాత్ నుంచా, సదఖా నుంచా అన్నది ఉలమాలను అడిగి నిర్ణయించండి. నగదు రోగి చేతికి ఇవ్వకుండా మందుల దుకాణానికే కట్టండి. ఓపీ చీటీ మీద తర్వాత రావలసిన తేదీ రాసి ఉంటుంది. ముందురోజు సాయంత్రం ఆ ఇంటికి ఒక మనిషిని పంపండి. సలహాకు 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.