కాష్ శుద్ధి: సర్వరులోని పాత పట్టికలు

నేడు పెక్కు పాఠశాలల కంప్యూటరు గదులలో లినక్సుతో నడచు సర్వరు ఒకటి యుండుట కద్దు. పిల్లల హాజరు, మార్కులు, ఫీజుల లెక్కలు అందులోనే నిలువయుండును. కావున దానికి భద్రతా సవరణలు సక్రమముగా వచ్చుచున్నవా, ఎప్పుడైన నిలిచిపోయినవా యను ప్రశ్న ఉపాధ్యాయులది మాత్రమే కాదు, తలిదండ్రులది కూడ.

లినక్సులో ప్రోగ్రాములు ప్యాకేజీలు అను మూటలుగా వచ్చును. వానిని నిలువయుంచు దూరపు సర్వరునకు రిపాజిటరీ యని పేరు. మన యంత్రము అందలి సరకుల పట్టికను తెచ్చుకొని తనయొద్ద దాచుకొనును. ఈ దాపునకే కాష్ అని పేరు. రొక్కమునకు వాడు మాటతో దీనికి సంబంధము లేదు. దాచుట అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి పుట్టినది. డీఎన్ఎఫ్ అను సాధనము, వేరుగా చెప్పనిచో, ఈ పట్టికను 48 గంటలవరకు తాజాదిగనే యెంచును. ఆలోగా రిపాజిటరీ మారెనా, నిరుటి పంచాంగము చూచి ఈ యేటి ముహూర్తము పెట్టినట్లే.

అప్పుడు ‘డీఎన్ఎఫ్ క్లీన్ ఆల్’ అను ఆదేశము పాత పట్టికలను, నిలువయున్న మూటలను తుడిచివేయును; ‘డీఎన్ఎఫ్ మేక్‌కాష్’ అనునది క్రొత్త పట్టికను తెచ్చును. ఇంతకుముందు స్థాపించిన ప్రోగ్రాములకుగాని, పిల్లల లెక్కలకుగాని దీనివలన హాని లేదు.

అయితే శుద్ధి యొక్కటే చాలదు. సెంటాస్ 7కు పోషణ 2024 జూన్ 30తో ముగిసినది. దాని రిపాజిటరీల చిరునామాలు తెలుపు సర్వరు మూతపడినది. పాత ప్యాకేజీలు వాల్ట్ అను భాండారమునకు చేరినవి. నిన్నటివరకు నడచిన యంత్రములు చిరునామా దొరకలేదని మొరపెట్టినవి. అట్టి వేళ ‘యమ్ క్లీన్ ఆల్’ అని పదిమారులు కొట్టినను ఫలములేదు. చిరునామా ఉండునది కాష్‌లో కాదు, ఈటీసీ డైరెక్టరీలోని రిపాజిటరీ ఫైళ్లలో. ముందు వానిని సవరించి, క్రొత్త చిరునామా పలుకుచున్నదని చూచుకొని, ఆపైన తుడువవలెను. క్రమము తలక్రిందులైనచో ఉన్న పట్టికయు పోవును, క్రొత్తదియు రాదు.

డెబియన్, ఉబుంటులలో పద్ధతి వేరు. ‘ఆప్ట్-గెట్ క్లీన్’ అనునది దింపుకొన్న మూటలనే తీసివేయును; పట్టికలను ముట్టదు. పట్టికలను క్రొత్తవి చేయునది ‘ఆప్ట్-గెట్ అప్‌డేట్’. ఈ రెంటిని ఒకటిగా తలచి చిక్కుపడువారు అనేకులు.

ఇక అసలు ప్రమాదము. వాల్ట్‌లోనివి పాత సరకులే. అక్కడికి క్రొత్త భద్రతా సవరణలు రావు. కాష్ శుద్ధియై, చిరునామా సరియై, ‘చేయదగిన పని లేదు’ అని యంత్రము నెమ్మదిగా పలుకును. అది ఆరోగ్యమునకు గుర్తు కాదు, వైద్యుడు రావుట మానినాడని గుర్తు. కనుక సర్వరులో ఏ లినక్సు, ఎన్నవది, దానికి ఏనాటివరకు పోషణ యని అడుగుడు. ఆల్మా లినక్సు 9, రాకీ లినక్సు 9 లకు 2032 మే వరకు భద్రతా సవరణలు వచ్చును. లెక్కలన్నిటికి వేరొకచోట నకలు తీసి, దానిని తెరచి సరిచూచుకొని, పిదప క్రొత్తదానికి మారవలెను. వేసవి సెలవులలో గది ఖాళీగా నుండును గాన ఆ పనికి అదియే అనువైన కాలము.